పోయిన బంతికి న్యాయం: గోల్ఫ్‌లో ప్రొవిజనల్ బంతి నియమం



గోల్ఫ్ ఆటలో బంతి కనబడకుండా పోవడం ఎప్పుడో ఒకసారి జరిగే ప్రమాదం కాదు. అది నిత్యం ఎదురయ్యే సంగతే. 42.67 మిల్లీమీటర్లకు తగ్గని వ్యాసమూ 45.93 గ్రాములకు మించని బరువూ ఉండే చిన్న బంతిని రెండు వందల మీటర్ల దూరానికి కొట్టి, అది పడిన చోటికి నడిచి వెళ్ళి, అక్కడి నుంచే మళ్ళీ కొట్టవలసిన ఆట గనుక, ఆ బంతి గడ్డిలో దాగినా, రాళ్ళ సందున ఇరుక్కున్నా, పొదలో చిక్కుకున్నా ఆట అక్కడికక్కడే నిలిచిపోతుంది. అప్పుడు ఆటగాడు ఎంతసేపు వెదకవచ్చు, దొరకకపోతే ఎక్కడి నుంచి కొట్టాలి, అతని లెక్కలో ఎన్ని దెబ్బలు చేరాలి అనే ప్రశ్నలకు గోల్ఫ్ నియమావళిలోని 18వ నియమం సమాధానం చెబుతుంది. ఆ నియమంలో భాగమైన ప్రొవిజనల్ బంతి ఏర్పాటు పైకి చిక్కుముడిలా కనిపించినప్పటికీ, దాని షరతులన్నిటి వెనుకా ఉన్న సూత్రం ఒక్కటే: ఫలితం తెలిసిన తర్వాత తనకు లాభమైన బంతిని ఎంచుకొనే వీలు ఆటగాడికి ఉండకూడదు. ఆ సూత్రం ఒక్కొక్క షరతులో ఎలా పనిచేస్తుందో వివరించడమే ఈ ప్రసంగంలోని విషయం.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు ఆటస్థలాలకు క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ ఉన్నంత దగ్గరగా గోల్ఫ్ లేదు. అయినప్పటికీ ఈ రెండు పట్టణాల మీదుగా సాగే జాతీయ రహదారి చేర్చే హైదరాబాదులో, గోల్కొండ కోటను ఆనుకొని ఉన్న నయాఖిల్లాలో, ఏనుగు చెట్టుగా పేరుపొందిన బావోబాబ్ మహావృక్షం నిలిచిన ఆవరణలోనే ఒక గోల్ఫ్ మైదానం ఉంది. గచ్చిబౌలి రాతిగుట్టల నడుమ పీటర్ హరాడైన్ రూపకల్పన చేసిన బౌల్డర్ హిల్స్ మైదానం మరొకటి. విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన తీగల సాహిత్ ఆ దేశపు అగ్రశ్రేణి పోటీలలో గెలుపొందిన నాటి నుంచి తెలుగు పత్రికల క్రీడా పుటలలో కూడా ఈ ఆట ముచ్చట తరచుగా కనిపిస్తూ ఉంది. అందువల్ల నియమంలోకి వెళ్ళే ముందు ఆటలోని ప్రాథమిక పదాలను స్థూలంగా చెప్పుకోవడం అవసరం.

పూర్తిస్థాయి గోల్ఫ్ మైదానంలో హోల్ అని పిలిచే భాగాలు 18 ఉంటాయి. ప్రతి భాగమూ టీ అనే ఆరంభ స్థలంతో మొదలై, 108 మిల్లీమీటర్ల వ్యాసం గల గుంతతో ముగుస్తుంది. టీకీ గుంతకూ నడుమ గడ్డిని పొట్టిగా కత్తిరించి ఉంచిన బాటను ఫెయిర్‌వే అనీ, దానికి ఇరువైపులా గడ్డిని ఎత్తుగా పెరగనిచ్చిన భాగాన్ని రఫ్ అనీ, ఇసుకతో నింపిన గోతులను బంకర్లనీ, గుంత చుట్టూ నున్నగా ఉంచిన స్థలాన్ని గ్రీన్ అనీ అంటారు. బంతిని కొట్టిన ప్రతి దెబ్బా ఒక స్ట్రోకు. మొత్తం మీద తక్కువ స్ట్రోకులతో ఆట ముగించినవాడు విజేత. ఆటగాడు చేసిన కొన్ని పొరపాట్లకు, అతనికి కలిగిన కొన్ని నష్టాలకు నిజంగా కొట్టని స్ట్రోకులను కూడా లెక్కలో కలుపుతారు; వాటినే పెనాల్టీ స్ట్రోకులు అంటారు.

బంతి పోయినప్పుడు నష్టం ఎవరు భరించాలన్న విషయంలో గోల్ఫ్‌కూ క్రికెట్‌కూ ఉన్న తేడా గమనించదగినది. క్రికెట్‌లో రెండు జట్లకూ బంతి ఒక్కటే గనుక, అది పోయినా దొరకకపోయినా అంపైర్లు దాదాపు అంతే అరిగిన మరో బంతిని ఇప్పిస్తారు. పోయిన బంతికి విడిగా ఉండిన నిబంధనను 2017 నాటి క్రికెట్ చట్టాల్లో తొలగించి, డెడ్ బాల్ నిబంధనలో కలిపివేశారు. గోల్ఫ్‌లో ఎవరి బంతి వారిదే. దానిని ఆ చోటికి పంపినది ఆటగాడి సొంత దెబ్బే. ప్రత్యర్థి దానిని ఆపలేడు, మళ్ళించలేడు, తాకకూడదు కూడా. కాబట్టి బంతిని పోగొట్టుకున్న భారాన్ని ఆటగాడి మీదనే పెట్టడం గోల్ఫ్ నియమావళి మొదటినుంచీ పాటిస్తున్న పద్ధతి.

ఈ పద్ధతి ఎంత పాతదో చరిత్ర స్పష్టంగా చెబుతుంది. లిఖిత రూపంలో దొరికిన గోల్ఫ్ నియమాలలో మొదటివి స్కాట్లాండులోని లీత్ మైదానంలో ఆడే పెద్దమనుషులు 1744లో రాసుకున్న 13 నియమాలు. వాటిలో ఎనిమిదవది పోయిన బంతికి సంబంధించినది. బంతిని ఎవరైనా తీసుకొనిపోయినా, మరే విధంగా పోయినా, ఆటగాడు అంతకు ముందు కొట్టిన చోటికే తిరిగి వెళ్ళి వేరొక బంతిని కింద వేసి ఆడాలనీ, ఆ దురదృష్టానికి పరిహారంగా ప్రత్యర్థికి ఒక స్ట్రోకు వదులుకోవాలనీ అది నిర్ణయించింది. రెండు వందల ఎనభై ఏళ్ళు గడిచినా, ఆట ఖండాంతరాలకు వ్యాపించినా, స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ సంస్థా అమెరికా గోల్ఫ్ సంఘమూ కలిసి 1952 నుంచి ఉమ్మడి నియమావళి నడుపుతున్నా, నేటి నియమంలోనూ ఉన్నది ఆ నిర్ణయపు సారమే.

దీనిని నేటి పరిభాషలో స్ట్రోక్ అండ్ డిస్టెన్స్ అంటారు. అంటే స్ట్రోకూ పోతుంది, దూరమూ పోతుంది. టీ నుంచి కొట్టిన మొదటి స్ట్రోకుతో బంతి పోయిందనుకొంటే, ఆ స్ట్రోకు లెక్కలో ఉండనే ఉంటుంది. దాని మీద ఒక పెనాల్టీ స్ట్రోకు చేరుతుంది. తిరిగి టీ నుంచి కొట్టే దెబ్బ మూడవ స్ట్రోకు అవుతుంది. రెండు స్ట్రోకులు ఖర్చయినా ఆటగాడు ఒక్క అడుగు కూడా ముందుకు జరగలేదన్నమాట. ఇది కఠినమైన శిక్ష అనే వాదం ఎప్పటినుంచో ఉంది. 1960లో అమెరికా గోల్ఫ్ సంఘం పెనాల్టీ స్ట్రోకును తీసివేసి, దూరాన్ని మాత్రమే నష్టంగా ఉంచి చూసింది గాని, ఆ సడలింపును కొద్దికాలంలోనే ఉపసంహరించుకొని పాత నియమానికే తిరిగి వచ్చింది.

ఇక బంతి పోయిందని ఎప్పుడు నిర్ణయించాలి అనేది తరువాతి ప్రశ్న. ఆటగాడు గాని, అతని సంచీ మోస్తూ సలహా ఇచ్చే క్యాడీ గాని వెదకడం మొదలుపెట్టిన క్షణం నుంచి మూడు నిమిషాలలోగా దొరకని బంతిని పోయిన బంతిగా పరిగణిస్తారు. 2019లో నియమావళిని సమూలంగా సవరించే వరకు ఈ గడువు ఐదు నిమిషాలు ఉండేది. ఆట త్వరగా సాగాలన్న ఉద్దేశంతో దానిని తగ్గించారు. ప్రేక్షకులో, తోటి ఆటగాళ్ళో ముందుగానే వెదకడం ప్రారంభించినా గడియారం కదలదు. ఆటగాడి పక్షం వారు అక్కడికి చేరి వెదకడం మొదలుపెట్టినప్పుడే కాలం లెక్కకు వస్తుంది. గడువు లోపల ఒక బంతి కంటబడి, అది తనదో కాదో తేల్చుకోవలసి వస్తే, ఆ గుర్తింపుకు తగినంత సమయం అదనంగా ఇస్తారు. గడువు దాటిన మరుక్షణం బంతి కాళ్ళ దగ్గరే కనిపించినా సరే, దానికి ఇక ఆటలో స్థానం లేదు.

బంతి కళ్ళెదుట కనిపిస్తూ ఉన్నా ఆడడానికి వీలులేని సందర్భం ఇంకొకటి ఉంది. మైదానపు ఎల్లను సాధారణంగా తెల్ల గుంజలతో గుర్తిస్తారు. ఆ ఎల్లకు అవతల పూర్తిగా పడిన బంతిని అవుట్ ఆఫ్ బౌండ్స్ బంతి అంటారు. బంతిలో ఏ కొంచెం భాగమైనా ఎల్లకు ఇవతల ఉంటే అది మైదానంలో ఉన్నట్లే. ఎల్ల దాటిన బంతికి కూడా స్ట్రోక్ అండ్ డిస్టెన్స్ శిక్షే వర్తిస్తుంది.

ఈ శిక్షను అమలుచేయడంలో ఆచరణపరమైన ఇబ్బంది ఒకటి ఉంది. బంతి పోయిందని తెలిసేది అది పడిందని అనుకొన్న చోటికి నడిచి వెళ్ళి, మూడు నిమిషాలు వెదికిన తర్వాతనే. అప్పుడు మళ్ళీ రెండు వందల మీటర్లు వెనక్కి నడిచి, అక్కడ తమ వంతు కోసం వేచి ఉన్న తరువాతి బృందాన్ని ఆపి, కొత్త బంతిని కొట్టి, తిరిగి ముందుకు రావాలి. ఒక్కొక్క బృందంలో నలుగురు చొప్పున, ఒకరి వెనుక ఒకరుగా పదుల సంఖ్యలో ఆటగాళ్ళు సాగే మైదానంలో ఒక్క బంతి పోయినా అందరి ఆటా కుంటుపడుతుంది. ఈ కాలనష్టాన్ని నివారించడానికి ఏర్పడినదే ప్రొవిజనల్ బంతి. మొదటి బంతి పోయి ఉండవచ్చునని గాని, ఎల్ల దాటి ఉండవచ్చునని గాని అనుమానం కలిగినప్పుడు, ఆటగాడు ముందుకు కదలకముందే అదే చోటి నుంచి రెండవ బంతిని తాత్కాలికంగా కొట్టి ఉంచుకొంటాడు. దీని స్థితి విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రొవిజనల్ సర్టిఫికేట్ స్థితి వంటిది. అసలు పట్టా చేతికి వచ్చేవరకు దానితో పని జరుగుతుంది, అసలు వచ్చిన నాడు దానితో అవసరం తీరిపోతుంది.

అయితే ఈ సౌకర్యాన్ని నియమావళి ఊరికే ఇవ్వలేదు. మొదటి షరతు ప్రకటన. రెండవ బంతిని కొట్టడానికి ముందే, తాను కొట్టబోయేది ప్రొవిజనల్ బంతి అని ఆటగాడు తోటివారికి వినబడేలా చెప్పాలి. ఆ మాటనే వాడవచ్చు, లేదా ఆ అర్థం స్పష్టంగా వచ్చే వేరే మాటలైనా వాడవచ్చు. ఇంకో బంతి కొడతానని మాత్రమే చెబితే చాలదు. ఏమీ చెప్పకుండా జేబులోంచి బంతి తీసి కొడితే అసలే చెల్లదు. అలా కొట్టిన మరుక్షణం ఆ రెండవ బంతే ఆటలో ఉన్న బంతి అవుతుంది. మొదటిది ఫెయిర్‌వే నడిబొడ్డున కళ్ళెదుటే ఉన్నా పోయినట్లే లెక్క. చెప్పడానికి దగ్గరలో ఎవరూ లేకపోతే, బంతి కొట్టి, అవకాశం కలిగినప్పుడు తోటివారికి తెలియజేయవచ్చునని నియమావళి వెసులుబాటు ఇచ్చింది. ఒక్క మాటకు ఇంత బలం ఎందుకంటే, ముందుగా ప్రకటించని పక్షంలో ఆటగాడు రెండవ దెబ్బ బాగా తగిలితే దానినే ఉంచుకొని, తగలకపోతే అది తాత్కాలికమేనని తరువాత చెప్పుకొనే వీలు ఏర్పడుతుంది. ప్రకటన ఆ వీలును పూర్తిగా మూసివేస్తుంది.

మిగిలిన షరతులు ఒక ఊహాచిత్రం సాయంతో చక్కగా అర్థమవుతాయి. నందిగామ దగ్గర మునేరు ఒడ్డున ఒక గోల్ఫ్ మైదానం ఉన్నదనీ, అందులో 380 మీటర్ల పొడవైన ఒక హోల్‌కు ఎడమవైపున ఏరు, కుడివైపున సర్కారుతుమ్మ కంప, ఆ కంపకు అవతల తెల్ల గుంజలు, గుంజల వెనుక మిరప చేలు ఉన్నాయనీ భావన చేయవచ్చు. ఆటగాడు టీ నుంచి కొట్టిన మొదటి బంతి కుడివైపుకు వంకర తిరిగి, సుమారు 200 మీటర్ల దూరాన కంపలో పడింది. అది కంపలోనే చిక్కిందో, దాటి మిరప చేలో పడిందో టీ దగ్గరి నుంచి తెలియదు. అతను ప్రొవిజనల్ అని ప్రకటించి రెండవ బంతిని కొట్టాడు. పెనాల్టీతో కలిపి అది మూడవ స్ట్రోకు. ఆ బంతి 170 మీటర్ల దూరాన ఫెయిర్‌వేలో నిలిచింది. 170 మీటర్ల చోటు, మొదటి బంతి ఉండవచ్చునని అంచనా వేసిన 200 మీటర్ల చోటు కంటే గుంతకు దూరంగానే ఉన్నది గనుక, అక్కడి నుంచి ప్రొవిజనల్ బంతిని మళ్ళీ కొట్టినా దాని తాత్కాలిక స్థితి చెడదు. ఆ నాలుగవ స్ట్రోకుతో బంతి 300 మీటర్ల దగ్గర ఆగిందనుకొందాం.

ఇప్పుడు కంప దగ్గర వెదుకులాట మొదలవుతుంది. మూడు నిమిషాలలోగా మొదటి బంతి తెల్ల గుంజలకు ఇవతల దొరికితే, ప్రొవిజనల్ బంతినీ దానితో కొట్టిన స్ట్రోకులనూ పెనాల్టీనీ లెక్కలోంచి తీసివేసి, ఆటగాడు కంపలోని బంతిని రెండవ స్ట్రోకుగా కొట్టాలి. కొట్టాలి అన్నది ఇక్కడ ముఖ్యం. ముళ్ళ మధ్య ఇరుక్కొన్న బంతి కంటే ఫెయిర్‌వేలో అందంగా నిలిచిన బంతి మేలనిపించినా, దానితో సాగడానికి వీలులేదు. మొదటి బంతి దొరకకపోయినా, గుంజలకు అవతల కనిపించినా, 300 మీటర్ల దగ్గరున్న బంతితో అయిదవ స్ట్రోకు కొట్టి ఆట కొనసాగించాలి. ఒకవేళ ఆటగాడు వెదకకుండానే నేరుగా ముందుకు నడిచి, 300 మీటర్ల చోటి నుంచి ప్రొవిజనల్ బంతిని కొట్టివేస్తే, ఆ దెబ్బతోనే అది ఆటలో ఉన్న బంతిగా మారిపోతుంది. ఆ తర్వాత కంపలో మొదటి బంతి దొరికినా అది పరాయి బంతితో సమానం, దానిని కొడితే రెండు పెనాల్టీ స్ట్రోకులు పడతాయి. గుంతకు దగ్గర చోటు నుంచి కొట్టడమంటే మొదటి బంతిని వదులుకొన్నట్లు చేతలతో చెప్పడమేనని నియమావళి భావం.

ఇందులో ఆసక్తికరమైన చిక్కు ఒకటి తలెత్తుతుంది. ప్రొవిజనల్ బంతి గుంత పక్కనే నిలిచినప్పుడు, మొదటి బంతి దొరకకపోతేనే ఆటగాడికి లాభం. అతను దానిని వెదకనవసరం లేదు. వెదకవద్దని తోటివారిని కోరవచ్చు. కాని ప్రత్యర్థికి ఆ కోరికను మన్నించవలసిన బాధ్యత లేదు. ప్రత్యర్థి వెదికి, మూడు నిమిషాల గడువులోగా, ఆటగాడు తన ప్రొవిజనల్ బంతిని గుంతకు దగ్గరగా ఉన్న ఆ చోటి నుంచి కొట్టకముందే మొదటి బంతిని మైదానంలో చూపిస్తే, ఆటగాడు దానితోనే ఆడాలి. ఒకే దెబ్బతో గ్రీన్‌ను చేరగల పొట్టి హోల్‌లో ప్రొవిజనల్ బంతి నేరుగా గుంతలోనే పడినా ఇదే వరస. ఆటగాడు గుంతలోంచి ఆ బంతిని తీసేంత వరకు మొదటి బంతికి ప్రాణం ఉన్నట్లే.

ఎడమవైపు మునేరు విషయం వేరు. నీటి భాగాలను పసుపు గుంజలతోనో ఎర్ర గుంజలతోనో గుర్తించి పెనాల్టీ ఏరియాలు అంటారు. అందులో పోయిన బంతికి ఒక పెనాల్టీ స్ట్రోకు చెల్లించి, ఏటి ఒడ్డు దగ్గరి నుంచే ఆడే వెసులుబాటు ఉంది గనుక, వెనక్కి నడవవలసిన పని లేదు. అందుచేత బంతి పోయి ఉండగల చోటు ఏరు ఒక్కటే అయినప్పుడు ప్రొవిజనల్ బంతికి అనుమతి లేదు. అలా కొడితే అది తాత్కాలిక బంతి కాకుండా అసలు బంతే అవుతుంది. ఎర్ర గుంజలకు ఇవతల ఒత్తుగా పెరిగిన తుంగలో కూడా బంతి చిక్కి ఉండవచ్చునన్న సందేహం ఉంటే అప్పుడు అనుమతి ఉంది. అయితే దగ్గరికి వెళ్ళి చూసిన తర్వాత బంతి నీటిలోనే ఉన్నదని తేలితే, ప్రొవిజనల్ బంతిని వదిలివేయవలసిందే.

1744 నాటి నియమం బంతి పోవడానికి కారణమేమిటని అడగలేదు; నేటి నియమావళి మొట్టమొదట అడిగేది కారణమే. ఆగి ఉన్న బంతిని కుక్కో, కోతో, కాకో ఎత్తుకొనిపోయిందని తెలిసినా, కనీసం 95 శాతం నిశ్చయంగా చెప్పగలిగినా, ఆటగాడు ఆ బంతి ఉండిన చోటును అంచనా వేసి, పెనాల్టీ లేకుండా వేరొక బంతిని అక్కడ పెట్టి ఆడవచ్చు. వానకు నిలిచిన మడుగులోనో, జంతువు తవ్విన బొరియలోనో పోయిందని అంతే నిశ్చయం ఉంటే కూడా పెనాల్టీ ఉండదు. వెదికేటప్పుడు ఆటగాడి కాలు తగిలి బంతి కదిలితే, 2019 నుంచి దానికి శిక్ష లేదు. యథాస్థానంలో పెడితే సరిపోతుంది. అయితే బంతి పోయిన కారణాన్ని చూపడానికి కేవలం సంభావ్యత చాలదు. కోతులు తిరిగే మైదానం గనుక కోతే ఎత్తుకొనిపోయి ఉంటుందని వాదించడానికి వీలులేదు; చూసిన మనిషో, స్పష్టమైన ఆనవాలో ఉండాలి.

ఆనవాలు బంతి మీద కూడా ఉండాలి. ఒకే కంపెనీ బంతులు, ఒకే అంకెతో, ఒకే మైదానంలో ఎన్నో తిరుగుతూ ఉంటాయి గనుక, అనుభవం గల ఆటగాళ్ళు ఆట మొదలుకాకముందే చెరగని సిరా కలంతో బంతి మీద రెండు మూడు చుక్కలో, పేరులోని మొదటి అక్షరమో గుర్తుగా పెట్టుకొంటారు. ప్రొవిజనల్ బంతికి వేరే గుర్తు పెట్టి, దాని అంకెను తోటివారికి ముందే చెబుతారు. పొదలో సగం దాగిన బంతిని పోల్చుకోవడానికి చేతిలోకి తీసుకోవచ్చు గాని, ముందుగా అది ఉన్న చోటును గుర్తించి ఉంచాలి, గుర్తు కనబడడానికి అవసరమైన మేరకు మించి దానిని తుడవకూడదు. ఈ జాగ్రత్త పాటించకపోతే ఒక పెనాల్టీ స్ట్రోకు పడుతుంది. మొదటి బంతీ ప్రొవిజనల్ బంతీ రెండూ ఒకే చోట దొరికి, ఏది ఏదో పోల్చుకోలేకపోతే, ఆటగాడు ఆ రెంటిలో ఒకదానిని ఎంచుకొని దానిని ప్రొవిజనల్ బంతిగానే భావించాలి. అంటే స్ట్రోక్ అండ్ డిస్టెన్స్ నష్టాన్ని అంగీకరించాలి. గుర్తు పెట్టుకోకపోవడం వల్ల ఏర్పడిన సందేహం ఆటగాడికి లాభంగా మారకూడదన్నది ఇక్కడి న్యాయం.

ఈ నియమాలు ఎంతటి ఆటగాళ్ళనైనా ఒకే తీరున పట్టి నిలుపుతాయి. 2003లో ఇంగ్లండులోని రాయల్ సెయింట్ జార్జెస్ మైదానంలో జరిగిన ఓపెన్ ఛాంపియన్‌షిప్ మొదటి రోజున, మొదటి హోల్‌లో, టైగర్ వుడ్స్ కొట్టిన మొదటి బంతే రఫ్‌లో పడి కనబడకుండా పోయింది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కళ్ళు వెంబడించే ఆటగాడి బంతి, అధికారులూ ప్రేక్షకులూ కలిసి వెదికినా దొరకలేదు. నాలుగు స్ట్రోకులలో ముగించవలసిన ఆ హోల్‌కు ఆయన ఏడు తీసుకొన్నారు. నాలుగు రోజుల పోటీ ముగిసేసరికి విజేత బెన్ కర్టిస్ కంటే వుడ్స్ రెండు స్ట్రోకులు మాత్రమే వెనుకబడి ఉన్నారు.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒలింపిక్ క్లబ్ మైదానంలో అయిదవ హోల్ పక్కనున్న సైప్రస్ చెట్లు మరో విధమైన పాఠం చెబుతాయి. 1998 అమెరికా ఓపెన్ చివరి రోజున లీ జాన్‌జెన్ కొట్టిన బంతి అక్కడి చెట్టులో చిక్కుకొంది. ఆయన వెనక్కి, టీ వైపుకు నడక మొదలుపెట్టిన సమయంలో బంతి కొమ్మల్లోంచి జారి కింద పడింది. గడువు దాటలేదు గనుక అది పోయిన బంతి కాలేదు. ఆ హోల్‌ను నష్టం లేకుండా గట్టెక్కించిన జాన్‌జెన్, చివరకు పేన్ స్టువర్ట్‌ను ఒకే ఒక్క స్ట్రోకు తేడాతో ఓడించి విజేత అయ్యారు. 2012లో అదే పోటీ, అదే మైదానం, అదే చివరి రోజు, అదే అయిదవ హోల్. లీ వెస్ట్‌వుడ్ బంతి సైప్రస్ చెట్టులో ఉండిపోయింది. దుర్భిణితో చూసినా అది తనదేనని పోల్చుకోలేకపోయినందువల్ల దానిని పోయిన బంతిగానే పరిగణించవలసి వచ్చింది. ఆ హోల్‌లో ఆయనకు రెండు స్ట్రోకుల నష్టం కలిగింది. బంతి ఎక్కడ ఉన్నదో అందరికీ తెలిసినా, అది తనదని తేలనంతవరకు దొరికినట్లు కాదు.

సరదాగా ఆడే సామాన్యులకు ఇంత కాఠిన్యం అక్కరలేదన్న ఆలోచనతో 2019 నియమావళి ఒక ప్రత్యామ్నాయాన్ని కూడా చూపింది. క్లబ్బులు కావాలనుకొంటే స్థానిక నియమంగా దానిని అమలులో పెట్టుకోవచ్చు. దాని ప్రకారం ఆటగాడు వెనక్కి నడవకుండా, బంతి పోయిన చోటికి దగ్గరలో ఉన్న ఫెయిర్‌వే అంచున మరో బంతిని వేసి, రెండు పెనాల్టీ స్ట్రోకులు కలుపుకొని ఆడవచ్చు. అయితే అప్పటికే కొట్టిన ప్రొవిజనల్ బంతి క్షేమంగా మైదానంలో ఉన్నప్పుడు ఈ ప్రత్యామ్నాయాన్ని కోరుకొనే హక్కు ఉండదు. ఇక్కడ కూడా రెండు దారుల్లో ఏది లాభమో చూసుకొని ఎంచుకొనే అవకాశాన్ని నియమకర్తలు ఇవ్వలేదు. ప్రపంచస్థాయి పోటీలకు ఈ సడలింపు ఉద్దేశించినది కాదు.

ఇన్ని షరతులను అమలు చేసేది ఎవరన్నది చివరి ప్రశ్న. గోల్ఫ్‌లో ప్రతి ఆటగాడి వెంటా అంపైరు నడవడు. పెద్ద పోటీలలో సైతం చాలావరకు అధికారులు పిలిస్తేనే వస్తారు. నియమం తెలుసుకోవడం, తన తప్పు తానే చెప్పడం, తన లెక్క సరైనదని తానే ధ్రువీకరించడం ఆటగాడి బాధ్యతలు. ఈ బాధ్యతకు ఇటీవలి నిదర్శనం తెలుగువారికి దగ్గరివాడే. హైదరాబాదు నుంచి అమెరికాకు వెళ్ళిన తల్లిదండ్రులకు 1997లో కాలిఫోర్నియాలో పుట్టిన తీగల సాహిత్, పెపర్‌డైన్ విశ్వవిద్యాలయం జట్టులో ఆడి, 2020లో అమెరికా కళాశాల గోల్ఫ్‌లోని ప్రధాన పురస్కారాలను అందుకొని, 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌లో అమెరికా అగ్రశ్రేణి పోటీల వరుస అయిన పీజీఏ టూర్‌లో తొలి విజయం సాధించారు. 2024లో అట్లాంటాలోని ఈస్ట్ లేక్ మైదానంలో టూర్ ఛాంపియన్‌షిప్ మూడవ రోజున, మూడవ హోల్‌లోని బంకర్‌లో కొట్టడానికి కర్రను వెనక్కి తీసేటప్పుడు అది ఇసుకను తాకిందని ఆయనకు తోచింది. వెనక్కి తీసే కర్ర ఇసుకను తాకకూడదన్నది నియమం. తాకితే రెండు పెనాల్టీ స్ట్రోకులు. కదిలినవి కొన్ని రేణువులే అయినా సాహిత్ స్వయంగా అధికారికి విషయం చెప్పి, శిక్షను స్వీకరించారు. పోటీ ముగిసినప్పుడు ఆయన మూడవ స్థానంలో, రెండవ స్థానం పొందిన కాలిన్ మొరికావా కంటే సరిగ్గా రెండు స్ట్రోకులు వెనుక నిలిచారు. ఆ రెండు స్థానాల బహుమతుల మధ్య తేడా లక్షల డాలర్లలో ఉంది.

బంకర్ నియమానికీ పోయిన బంతి నియమానికీ నేరుగా సంబంధం లేకపోయినా, రెండూ ఆధారపడింది ఆటగాడి మాట మీదనే. కంపలోకి ఒంటరిగా వంగి వెదికేవాడు పాదం కింద దొరికిన పరాయి బంతిని తనదనడానికీ, జేబులోంచి మరో బంతిని జారవిడవడానికీ అడ్డుపడేవారెవరూ అక్కడ ఉండరు. కనుకనే నియమావళి అతని నుంచి ఫలితం తెలియకముందే కొన్ని పనులు కోరుతుంది. ఆట మొదలుకాకముందే బంతికి గుర్తు పెట్టాలి. అనుమానం కలిగినప్పుడు రెండవ బంతిని కొట్టకముందే ప్రొవిజనల్ అని చెప్పాలి. వెదకడం మొదలుపెట్టినప్పుడే గడియారం చూసుకోవాలి. ముందున్న బంతిని కొట్టకముందే వెనుకటి బంతిని వదులుకొన్నదీ లేనిదీ తేల్చుకోవాలి. హైదరాబాదులోనో, విశాఖలోనో, విదేశంలోనో తొలిసారి మైదానంలోకి వెళ్ళే జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు యువకుడు 18వ నియమంలోని ఉపవిభాగాలన్నిటినీ కంఠస్థం చేయనక్కరలేదు. ఈ నాలుగు పనులనూ వాటి వాటి సమయంలో చేస్తే, తోటివారి కాలం వృథా కాదు, తన లెక్క మీద ఎవరికీ సందేహం మిగలదు.